దాసరి పురుగు మీద బతికినవాళ్ళు

నా ఉద్యోగకాలంలో సగానికి పైగా ఆకులను వెనక్కి తిప్పి చూడటంలోనే గడిచింది. గట్టు మీద నిలబడి చూస్తే ఏ చేనూ తన సంగతి చెప్పదు. ఆకు అడుగున పురుగు గుడ్లు ఉంటాయి, ఆ గుడ్ల మీద ఇంకేదో వాలి ఉంటుంది, దానికోసం మరేదో కాచుకుని ఉంటుంది. ఇదంతా వంగి చూసినవాడికే కనపడుతుంది. కర్నూలు, కడప జిల్లాల మెట్టచేలల్లో వంగినంతగా నేను ఏ దేవుడి ముందూ వంగలేదు.

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరుతున్న యువకుల కోసం ఇది రాస్తున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్లు, బదిలీలు, నేను పంపిన రిపోర్టులు మీకెందుకూ పనికిరావు. పురుగు మీదికి పురుగును పంపే పనిలో మాత్రం నాకు కొన్ని సంగతులు తెలిసివచ్చాయి. అవి ఏ పాఠంలోనూ లేవు. వాటిలో ఒకటి నాకు ఒక కూలి మనిషి నేర్పింది. దానిగురించే ఎక్కువ రాస్తాను.

కందిరీగ అంటే కుట్టేదే కాదు

కందిరీగ అనగానే మనకు ఇంటి చూరులో గూడు కట్టి పిల్లల్ని కుట్టేది గుర్తొస్తుంది. నేను చెప్పేవి ఆ జాతివే కాని దోమకంటే పెద్దవి కావు, మనుషుల జోలికి రావు. ఆడ ఈగ పంటను తినే పురుగును వెతుక్కుంటూ పోయి దాని ఒంట్లో గుడ్డు పెడుతుంది. గుడ్డు లోపలే పగిలి, పిల్ల ఆ పురుగును లోపలినుంచి తింటూ పెరుగుతుంది. కొన్ని రకాలు అంతదాకా కూడా ఆగవు. పురుగు పెట్టిన గుడ్డులోనే తమ గుడ్డు పెట్టేస్తాయి. మా ప్రాంతపు రైతులు వీటిని చిన్నీగలు అనేవారు. నేనూ ఆ మాటే వాడతాను.

మందు చల్లితే సాయంత్రానికి చచ్చిన పురుగు కిందపడి కనపడుతుంది. చిన్నీగను వదిలితే ఏమీ కనపడదు. పైగా కొన్నాళ్ళ వరకు పురుగు చేనులో తిరుగుతూనే ఉంటుంది. ఈ పనిలోని కష్టమంతా ఆ కొన్నాళ్ళలోనే ఉంది. రైతు ఓపిక, ఆఫీసరు ఓపిక, మన ఓపిక, మూడూ ఆ గడువు దాటాలి.

ఎండలో వచ్చిన పార్సెల్

మా మొదటి ప్రయత్నం చెరకు మీద. కడప జిల్లాలో కాలువ కింద చెరకు వేసే ఊళ్ళున్నాయి. ఎండాకాలంలో చెరకు మొలకను తొలిచే పురుగు ఒకటి అక్కడ పట్టుకుంది. దాని గుడ్లలో గుడ్డు పెట్టే చిన్నీగలను దక్షిణాన చల్లటి చోట ఒక ప్రయోగశాలలో పెంచుతున్నారని తెలిసి, మా పైఅధికారి నరసింహమూర్తి గారు తెప్పించారు. ఆయనది గోదావరి వైపు. మనిషి మంచివాడు, పనిమంతుడు. కాని చేసిన పని ఏదైనా పైవాళ్ళకు చూపించగలిగేదిగా ఉండాలనేవారు.

ఈగలు ఎగిరే ఈగలుగా రావు. అవి ఉన్న గుడ్లను అట్టముక్కల మీద జిగురుతో అంటించి పంపుతారు. ఆ పార్సెల్ ఎర్రగుంట్ల స్టేషనుకు మిట్టమధ్యాహ్నం వచ్చి, రేకుల షెడ్డులో పడి ఉంది. నేను వెళ్ళి విప్పేసరికి చాలాభాగం పెట్టెలోనే బయటికొచ్చి చచ్చిపోయాయి. పెట్టె అడుగున నల్లటి నలుసుల్లా ఉన్నాయి. మిగిలిన అట్టలను మర్నాడు తెల్లవారే చెరకు ఆకులకు కట్టాము. పొద్దెక్కాక వచ్చి చూస్తే అట్టల మీద గుడ్లు లేవు, ఎర్రచీమలు ఉన్నాయి.

చేను రైతు అట్టను చేతిలోకి తీసుకుని చూశాడు. "శానా దూరాన్నించి తెచ్చి మా చీమలకు పెడ్తివి గదప్పా" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అయ్యోపాపం అన్నట్టు అన్నాడు.

రిపోర్టులో ఈగలను వదిలినట్టు రాసుకున్నారు. అది అబద్ధం కాదు. వదిలాము. కాని ఈ పనిలో వదలడం అన్నది ఎవరైనా చేయగలరు. అవి ఆ నేలలో, ఆ ఎండలో బతికి మళ్ళీ పిల్లలు పెడితేనే పని జరిగినట్టు. ఆ ఎండాకాలం తర్వాత నాకొక ఆలోచన కుదిరింది. చల్లటి చోటు నుంచి ఈగలను తెచ్చేబదులు, మన ఎండను ఇప్పటికే ఓర్చుకుని బతుకుతున్నవాటిని వెతకాలి.

హుసేన్ సాబ్ చేను

మెట్టచేలల్లో ఆముదాన్ని తినే పురుగు ఒకటుంది. ఒంటిమీద నామాల్లాంటి చారలుంటాయి కనుక దాన్ని దాసరి పురుగు అంటారు. వీపు వంచి వంచి నడుస్తుంది. వానాకాలం పైరు ఏపుగా ఉన్నప్పుడు పట్టుకుందంటే ఆకంతా పోయి ఈనెలు మాత్రం గొడుగు పుల్లల్లా మిగులుతాయి. ఓర్వకల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఏటా దీని బాధ ఉండేది. కూలివాళ్ళను పెట్టి, పురుగులను కుండల్లోకి ఏరించి, కిరసనాయిలు నీళ్ళలో పోయడమే అక్కడి పద్ధతి. మా శాఖ కూడా అదే చెప్పేది. ఎన్ని కుండల పురుగులు ఏరించారో మేము పైకి రాసి పంపేవాళ్ళం.

కడప జిల్లాలో ముద్దనూరు దగ్గర హుసేన్ సాబ్ అని ఒక ముసలి రైతు ఉండేవాడు. కొడుకులు లేరు, కూలివాళ్ళను పెట్టుకునే తాహతు లేదు. ఒక ఏడాది వానలు పడ్డాక నేను ఆయన ఆముదపు చేను దగ్గర ఆగాను. పురుగులున్నాయి కాని ఆకులు నిలిచే ఉన్నాయి. ఒక ఆకు తిప్పాను. దాసరి పురుగు ఒకటి కదలకుండా కూర్చుని ఉంది. దాని తోక కింద వడ్లగింజ కన్నా చిన్నదిగా గోధుమరంగు గూడు ఒకటి అతుక్కుని ఉంది. పక్క ఆకు తిప్పాను. అక్కడా అంతే. పురుగు బతికే ఉంది కాని తినడం మానేసింది. దాని ఒంట్లో పెరిగిన చిన్నీగ పిల్ల బయటికొచ్చి, దాని కిందే గూడు కట్టుకుంది.

"ఏటా ఇట్లనే ఉంటాదా?" అని అడిగాను.

"అవే వస్తాయి, అవే పోతాయి" అన్నాడు హుసేన్ సాబ్. "ఏరించేదానికి నాకు యాడినించి వస్తారు మనుషులు? అల్లా మింద ఇడిసిపెట్టినా."

ఆయనకు కారణం తెలియదు. నాకూ ఆ క్షణంలో తెలియలేదు. తిరిగి వస్తూ బండిలో కూర్చున్నాక తట్టింది. ఓర్వకల్లు వైపు ఏటా పురుగులన్నిటినీ ఏరి చంపుతున్నారు. పురుగుతోపాటు దాని కడుపులో ఉన్న చిన్నీగనూ చంపుతున్నారు. ఇక్కడ ఏరే దిక్కులేక ఈగ బతికింది.

డోన్ స్టేషన్లో

తర్వాతి వానాకాలం హుసేన్ సాబ్ చేనులో గూళ్ళున్న పురుగులను ఆకులతో సహా కోసి, వెదురుబుట్టల్లో పరిచి, తడిగుడ్డ కప్పి, ఓర్వకల్లు తీసుకుపోవడానికి బయలుదేరాను. ఈసారి పార్సెల్ చేయలేదు. బుట్టలను నా పక్కనే పెట్టుకున్నాను. గుంతకల్లులో ఒకసారి, డోన్‌లో ఒకసారి బండి మారాలి.

డోన్‌లో కర్నూలు బండి ఆలస్యమని చెప్పారు. ప్లాట్‌ఫారం మీద ఎండ. పార్సెల్ ఆఫీసులో ఖాదర్ అని ఒక గుమాస్తా ఉన్నాడు. బుట్టలను కాసేపు నీడలో పెట్టనిమ్మని అడిగాను.

"ఏముండాయి దీంట్లో?" అన్నాడు, బుట్ట మీద గుడ్డ కొస ఎత్తుతూ.

"పురుగులు."

"పట్టుపురుగులా?"

"కాదు. ఆముదం పురుగులు. ఓర్వకల్లు కాడ వదలాలి."

ఆయన గుడ్డను మళ్ళీ కప్పి, నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "మా అత్తగారిది ఓర్వకల్లేనప్పా. ఆడ పురుగులకేం తక్కువ లేదు. పోయినేడు వాళ్ళ చేనంతా తినిపాయ. నువ్వు సర్కారు దుడ్లు పెట్టి ఇంకా తీస్కపోతాండావా?"

ఒక ఆకు తీసి చూపించాను. గూడు ఏమిటో, అందులోంచి ఏం వస్తుందో చెప్పాను. ఆయన కళ్ళద్దాలు పైకి జరిపి చాలాసేపు చూశాడు. నమ్మాడో లేదో చెప్పలేదు. బుట్టలను తన బల్ల కిందికి జరిపి, తాగే నీళ్ళ కుండలోంచి గ్లాసుతో గుడ్డ మీద చిలకరించాడు. బండి వచ్చేదాకా నేను అడగకుండానే మళ్ళీ మళ్ళీ చిలకరించాడు. ఇటువంటి సాయం మీకు కావలసినప్పుడల్లా దొరుకుతుంది, మీరు చేస్తున్నది ఏమిటో ఎదుటివాడికి మాటల్లో చెప్పి, కంటికి చూపించగలిగితే.

నాగిరెడ్డి ఓపిక

ఓర్వకల్లు దాటి, బండరాళ్ళ గుట్టల మధ్య ఉన్న ఒక పల్లెలో నాగిరెడ్డికి పెద్ద ఆముదపు చేను ఉండేది. శాఖ తరఫున ఆయన చేనునే మేము నలుగురికీ చూపించే చేనుగా తీసుకున్నాము. నాగిరెడ్డి కొత్త సంగతి విన్నాడంటే కాదనేవాడు కాదు. విన్నదాని మీద నిలబడటం మాత్రం ఆయనకు కష్టం.

బుట్టల్లోని ఆకులను మొక్కలకు వేలాడగట్టించాను. కాడలకు బూడిద పూసి చీమలను ఆపాను. గూళ్ళలోంచి ఈగలు వచ్చి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత చేనులో మార్పేమీ కనపడలేదు. పురుగులు తింటూనే ఉన్నాయి. పొద్దున పోయి నిలబడితే ఆకులు కొరుకుతున్న చప్పుడు వినపడేది.

సరిగ్గా అప్పుడే నరసింహమూర్తి గారు తనిఖీకి వచ్చారు. కారు దిగి, గట్టు మీద నిలబడి చేను చూశారు.

"ఏమయ్యా, ఇది మనం నలుగురికీ చూపించే చేనేనా?"

"అవునండీ."

"మందు ఎందుకు చల్లించలేదు?"

పాషాణం పొడి చల్లితే ఈగలు కూడా పోతాయని చెప్పాను. ముద్దనూరు దగ్గర చూసింది చెప్పాను. చేనులోకి రమ్మన్నాను. ఆయన బూట్లతోనే సాళ్ళలోకి దిగారు. చాలా ఆకులు తిప్పాక గూడు ఉన్న పురుగు ఒక్కటి దొరికింది. నేను తెచ్చినవాటిలోది కాదు, ఈ చేను పురుగే. దాన్ని ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని వేలితో కదిపారు. అది కదల్లేదు.

"బాగానే ఉందయ్యా. కాని రేపు కలెక్టరుగారు ఈ దారిన పోతే ఆయనకు పురుగు కనపడుతుంది. నీ ఈగ కనపడదు."

"కనపడదండీ."

"ఎన్నాళ్ళు కావాలి నీకు?"

"అమావాస్య దాకా ఆగితే తెలుస్తుందండీ."

ఆయన పురుగును మళ్ళీ ఆకు మీదే పెట్టారు. విసిరేయలేదు. "సరే, అమావాస్య దాకా చూడు. ఎవరైనా అడిగితే నేనే ఆగమన్నానని చెప్పు" అని కారెక్కారు.

పైఅధికారుల గురించి నాకు మంచి అభిప్రాయాలు ఎక్కువగా లేవు. ఈ ఒక్క మాట కోసం నరసింహమూర్తి గారి మీద గౌరవం ఇప్పటికీ ఉంది. పని చెడితే పేరు ఆయనది చెడేది. ఆయన ఈగలను నమ్మి కాదు, కింద పనిచేసేవాడిని నమ్మి ఆ మాట అన్నారు. మీరు ఎప్పుడైనా ఆ కుర్చీలో కూర్చుంటే దీన్ని గుర్తుపెట్టుకోండి.

అధికారి ఆగాడు కాని రైతు ఆగలేకపోయాడు. రెండు రోజులకే నాగిరెడ్డి పక్కనున్న పాలెం నుంచి పురుగులు ఏరే ఆడవాళ్ళను పిలిపించాడు. పల్లెకు ఆనుకుని ఉన్న ఆ పాలెంలో అందరూ క్రైస్తవ కుటుంబాలవాళ్ళు. తాతలనాటి నుంచి అక్కడ చిన్న చర్చి ఉంది. కొందరికి కాస్త పొలం ఉన్నా కూలి మీదే బతుకు. నేను కబురు తెలిసి చేనుకు చేరేసరికి ఆడవాళ్ళు కుండలు చేతబట్టుకుని సాళ్ళలోకి దిగారు. ముందు నడుస్తున్న ఆమె పేరు మరియమ్మ. ఏరే జట్టుకు ఆమె పెద్ద. నలభై ఏళ్ళ మనిషి, సన్నగా, చురుగ్గా ఉండేది.

"రెడ్డీ, ఇంకొన్నాళ్ళు ఆగమంటిని గదా" అన్నాను.

నాగిరెడ్డి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "ఆగితి గదప్పా. నువ్వు చెప్తావు, అవి తింటాండాయి. నా కండ్లముందర చేను పోతాంటే ఎట్ల కూచునేది?"

చేను ఆయనది. నేను సాళ్ళలోకి దిగి మరియమ్మ కుండలోకి చూశాను. పెద్ద పురుగులు, చిన్న పురుగులు, వాటి మధ్య గూడు ఉన్నవి రెండు కనపడ్డాయి. వాటిని బయటికి తీసి ఆమెకు చూపించాను. ఇవి ఇక తినవని, వీటి కింద ఉన్నది చచ్చిందంటే చేనుకు నష్టమని చెప్పాను. చిన్నీగ చిన్న పురుగుల్లోనే గుడ్డు పెడుతుంది కనుక వాటిని కూడా వదలమన్నాను. ఆకును బాగా తినే పెద్దవాటిని మాత్రం ఏరమన్నాను.

మరియమ్మ శ్రద్ధగా విన్నది. విని కుండ కింద పెట్టింది.

"పెద్దవి ఏరాల. చిన్నవి ఇడ్సాల. గూడు ఉండేవి ముట్టరాదు. అంతే గదా సామీ?"

"అంతే."

"అట్లయితే ఎప్పటి కూలికి కాదు."

గట్టు మీద నుంచి నాగిరెడ్డి అన్నాడు, "ఏరేదానికి కూలి ఇస్తా. ఏరకుండా ఇడ్సేదానికి గూడా కూలి ఇయ్యాల్నా?"

"ఇడ్సేదే కష్టం రెడ్డయ్యా" అన్నది ఆమె. "ఏరేదైతే చెయ్యి పోతాంటాది, మాట్లాడుకుంటా ఏరుతాం. ఇట్లయితే ఒగొగ ఆకు కాడ నిలబడి చూడాల. పొద్దుగూకేలోపల సగం సాళ్ళు గూడా కావు."

మిగతా ఆడవాళ్ళు కూడా ఆగి నిలబడ్డారు. నాగిరెడ్డి కాసేపు గొణిగాడు. కూలి జొన్నలు కొంచెం పెంచి కొలిచేటట్టు చివరికి ఒప్పుకున్నాడు. నా మీద నమ్మకంతో కాదు. ఎటూ తేల్చుకోలేని మనిషికి సగం ఏరడం, సగం వదలడం అన్నది నచ్చింది. నాకూ అంతకంటే మంచి దారి తోచలేదు. నిజానికి ఆ తర్వాత చాలా ఊళ్ళలో నేను చెప్పిన పద్ధతి ఇదే. అది ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు, ఆ గట్టు మీద బేరంలో పుట్టింది.

అమావాస్య నాటికి చేనులో తేడా తెలిసింది. ఏ ఆకు తిప్పినా గూడు మీద కూర్చున్న పురుగు కనపడేది. కొత్త చిగుళ్ళు పురుగు కొరక్కుండా విప్పుకున్నాయి. మొదట వేసిన గెలలు పోయాయి. తర్వాతి గెలలు గింజ పట్టాయి. నాగిరెడ్డి వాటిని చేత్తో పట్టుకుని బరువు చూస్తూ, "ముందర గెల పాయ. ఎనకవి నిలిచె. అయినకాడికి బాగనే ఉండాదిలే" అన్నాడు. నరసింహమూర్తి గారు వచ్చి చేను చూసి, కారు ఎక్కేముందు నా భుజం మీద చెయ్యి వేశారు.

చర్చి ముందు నా ప్రసంగం

మరుసటి ఏడు వానలు పడ్డాయి, ఆముదం లేచింది. దాసరి పురుగు వచ్చింది కాని దానితోపాటే చిన్నీగలు కూడా వచ్చాయి. ఏరించవలసిన అవసరం ఏ చేనులోనూ పడలేదు. నా ఉద్యోగం మొత్తంలో అంత సంతోషంగా గడిచిన నెలలు లేవు.

పాలెం చర్చిలో దేవదానం అని ఒక ఉపదేశి ఉండేవాడు. వారం వారం ప్రార్థన చేయించేవాడు, పిల్లలకు చదువు చెప్పేవాడు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఈగల సంగతి తమవాళ్ళకు కూడా చెప్పమని పిలిచాడు. చర్చి ముందు వేపచెట్టు నీడలో అందరూ కూర్చున్నారు. ఈగ ఎట్లా గుడ్డు పెడుతుందో, ఎట్లా పెరుగుతుందో చెప్పాను. ఇక మీదట ఈ ఊళ్ళో పురుగులు ఏరే బాధ ఉండదని చెప్పి ముగించాను.

దేవదానం నేల చూపులు చూశాడు. కాసేపటికి మరియమ్మ లేచి నిలబడింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, మామూలుగానే మాట్లాడింది.

"సామీ, ఒగ మాట చెప్తా, తప్పనుకోవాకు. ఆ పురుగు మింద ఈగ ఒగటే బతుకుతాదని చెప్తివి. మేము గూడా బతికినాం. నాట్లు ల్యాక, కోతలు ల్యాక ఉండే నెలల్లో మా ఇండ్లల్లో పొయ్యి రాజేసింది ఆ పురుగే. ఈయేడు మా కుండలు కడిగి బోర్లేసినాం. చేన్లు బాగుండాయి. మేము బాగున్నామా అని ఎవురూ అడగల్యా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పి కూర్చుంది. ఆమె పక్కనున్న ముసలమ్మ, "ఇద్దరు బిడ్డలు మొగుళ్ళతో డోన్‌కు పొయినారు సామీ, రైలు కాడ రాళ్ళు కొట్టేదానికి" అన్నది.

చేనుకు పట్టిన పురుగును పోగొట్టడం మేలే. ఆకులు ఈనెలుగా మారుతుంటే చూస్తూ ఊరుకోమని ఎవరూ అనరు. మరియమ్మ కూడా అనలేదు. కాని నేను ఆకు అడుగున ఎవరు ఎవరిని తిని బతుకుతున్నారో అంత జాగ్రత్తగా వెతికినవాణ్ణి, ఆ చేనులో కుండ పట్టుకుని నడిచే మనుషుల వంతు ఎక్కడుందో చూడలేదు. మా శాఖలో అది చూడవలసిన పని ఎవరికీ లేదు. రైతు నష్టం రాసే గడి ఉండేది. కూలి నష్టానికి గడి లేదు.

ఆ మధ్యాహ్నం నేను పాలెంలోనే ఉండి, ఎవరింట్లో ఏమున్నదో దేవదానంతో కలిసి తిరిగి చూశాను. ఎక్కువ ఏమీ లేదు.

బండల కింద నేల

చేయగలిగింది రెండు పనులు. మొదటిది, గూళ్ళు ఉన్న పురుగులను ఏరి ఇతర ఊళ్ళకు పంపే పనిని శాఖ కూలిగా ఈ ఆడవాళ్ళకే ఇప్పించమని నరసింహమూర్తి గారిని అడిగాను. "ఈగలు మోయడానికి కూలీలా?" అని మొదట నవ్వారు కాని తర్వాత మంజూరు చేశారు. మరియమ్మ జట్టు బుట్టలు నింపి ఇస్తే డోన్ వైపు, నంద్యాల వైపు పల్లెలకు పంపాము. కొన్నిచోట్ల ఈగలు నిలిచాయి, కొన్నిచోట్ల నిలవలేదు. వానలు కరువైనచోట ఆముదమే లేదు, ఇక పురుగెక్కడ, ఈగెక్కడ. ఆ కూలి కొన్ని వానాకాలాలు నడిచింది. నరసింహమూర్తి గారు బదిలీ అయి వెళ్ళాక ఆగిపోయింది. వచ్చినాయన ఆ ఖర్చు ఏమిటని అడిగాడు. నేను చెప్పాను, ఆయనకు ఎక్కలేదు.

రెండోదాన్ని నేను చేశానని చెప్పలేను, మాట మాత్రం కలిపాను. నాగిరెడ్డికి గుట్టల కింద రాళ్ళు తేలిన నేల ఉండేది. నాగలి, గుంటక దిగవని బీడు పెట్టేశాడు. ఆముదం అటువంటి నేలలో కూడా వస్తుంది. ఇంతకాలం ఇక్కడి చిన్న రైతులు ఆముదం జోలికి పోకపోవడానికి కారణం పురుగే. ఏరించడానికి మనుషులను పెట్టుకునే స్తోమత ఉన్నవాడికే ఆ పైరు. ఇప్పుడు ఏరించే పనిలేదు కనుక పాలెంవాళ్ళు తామే కౌలుకు వేసుకోవచ్చని దేవదానంతో అన్నాను. ఆ మాట ఆయన మరియమ్మతో అన్నాడు. ఆమె నేరుగా నాగిరెడ్డి ఇంటికి పోయి వాకిట్లో నిలబడింది.

నాగిరెడ్డి తర్వాత నాతో చెప్పాడు. "ఆయమ్మ వచ్చి అడిగెనప్పా. ఆ రాళ్ళల్లో ఏం పండుతాదిలే అని ఇస్తి. పండకపోతే నన్ను అడగొద్దంటి." పండినా ఆయన నష్టపోయేది లేదు, కౌలు గింజలు వస్తాయి. దయకంటే లెక్కే ఎక్కువ. అయినా ఆయన ఇచ్చాడు. పక్కూరి రెడ్లు ఇవ్వలేదు.

నాలుగు కుటుంబాలు కలిసి ఆ నేలలో రాళ్ళు ఏరి గట్లు పెట్టారు. మొదటి ఏడాది వాన మొహం చాటేసింది. రెండో ఏడు పండింది. ప్రపంచ యుద్ధం వచ్చాక యంత్రాల నూనె కోసం ఆముదానికి గిరాకీ పెరిగింది. అలాగని వాళ్ళు ధనవంతులైపోయారని రాయను. తిండికి ఇబ్బంది పడే నెలలు కొన్ని తగ్గాయి. డోన్ పోయిన ఇద్దరు ఆడబిడ్డల్లో ఒకామె కాపురం తిరిగి పల్లెకు వచ్చింది. రెండో ఆమె అక్కడే ఉండిపోయింది. క్వారీలో రాయి తగిలి ఆమె భర్త కాలు పోయిందని విన్నాను. ఈగలు రాకపోతే వాళ్ళు డోన్ పోయేవాళ్ళు కాదేమో. పోయేవాళ్ళేమో. ఇటువంటి లెక్క ఎవరికీ తేలదు. తేలదని మరచిపోవడం మాత్రం నాకు చేతకాలేదు.

మీరు కొత్త ఈగను పెట్టెలో పెట్టుకుని ఒక ఊరికి పోయేటప్పుడు, అది ఏ పురుగును తింటుంది, ఎంత ఎండను ఓర్చుకుంటుంది అని తప్పకుండా తెలుసుకోండి. ఆ పురుగు వల్ల ఊళ్ళో ఎవరికి కూడు పుడుతున్నదో కూడా తెలుసుకోండి. తెలిసినంత మాత్రాన పని మానుకోనక్కరలేదు. పెట్టె విప్పకముందే వాళ్ళతో కూర్చుని మాట్లాడాలి. నేను విప్పాక మాట్లాడాను.

రిటైరయ్యే ముందు ఏడాది చివరిసారి ఆ పల్లెకు పోయాను. మరియమ్మ గుట్ట కింద చేనులో గెలలు కోస్తున్నది. వెంట్రుకలు నెరిసినా చెయ్యి అంతే వేగంగా ఆడుతున్నది. నన్ను చూసి కొడవలి పక్కన పెట్టి, ఒక గెల తెచ్చి చేతిలో పెట్టింది. కాయలు ఒకదానికొకటి బూజులాంటి దారాలతో అతుక్కుని ఉన్నాయి. ఒకటి విప్పి చూస్తే గింజ లేదు, పొట్టు ఉంది. లోపల చిన్న పురుగు.

"ఆకు పురుగు పాయ. ఇది కాయలోకే దూరుతాది. రొండేండ్ల నుంచి శానా అయితాండాది సామీ" అన్నది. "దీనికి ఏం ఈగ ఉండాది?"

"నాకు తెలియదు మరియమ్మా."

"తెలిసినోల్లు ఉండారా?"

"నాకు తెలిసినంతలో ఎవరూ లేరు."

ఆమె గెలను వెనక్కి తీసుకోలేదు. "అయితే తీస్కపో. ఎవురన్నా కొత్తోల్లు వస్తారు గదా, వాళ్ళకు చూపియ్యి" అన్నది.

తెచ్చాను. చూపించాను. శాఖలో అప్పుడున్నవాళ్ళకు తీరిక లేదు, ఏడాది తిరిగేసరికి నాకు ఉద్యోగం లేదు. అందుకే మీకు రాస్తున్నాను. ఆ చేను ఓర్వకల్లు దాటాక బండల గుట్ట పడమటి వైపున ఉంది. ఎవరిని అడిగినా చెప్తారు. పొద్దున్నే పోండి. ఎండెక్కితే మరియమ్మ ఇంటికి పోతుంది, కాయ పురుగు లోపలికి పోతుంది, ఇద్దరూ దొరకరు.